మర్యాదకు చెప్పిన అంకె

బాండుంగ్‌లో అన్నం ముందు కూర్చున్నవాడు ఎదురుగా ఎవరు కనబడ్డా "మంగ్గా" అంటాడు. రండి, భోంచేద్దాం అని. అన్నవాడు పెట్టడు, విన్నవాడు కూర్చోడు. తనూ "మంగ్గా" అనేసి తన దారిన పోతాడు. కొన్ని ఎడారి దేశాల్లో పిలిస్తే తినకుండా పోయినవాడి మీద అలుగుతారు. కొన్ని మంచు దేశాల్లో తినేవాడు తలుపు వేసుకుంటాడు, గొడవే లేదు. ఈ సుండా కొండల్లో మాత్రం పిలవడమూ, వెళ్ళిపోవడమూ రెండూ కలిస్తేనే ఒక మర్యాద. పిలుపు నిజమని తెలియడానికి ఒక్కటే గుర్తు. పిలిచినవాడు కాలితో పీట ఇటు జరుపుతాడు.

ఈ సంగతి తెలియనివాడు యాయత్ పనిచేసే చోట ఒకడుండేవాడు. మనిషి కాదు, కెర్నెల్, కంప్యూటరును లోపలినుంచి నడిపే మూల ప్రోగ్రాము.

యాయత్‌కు యాభై దాటాయి. కళ్ళ కింద సంచులు, మెడలో ఎప్పుడూ ఒక నొప్పి. వాళ్ళ చిన్న కంపెనీ చితారుమ్ నది ఒడ్డున స్తంభాల మీద పెట్టే పెట్టెలు తయారుచేస్తుంది. పెట్టెలో నీటిమట్టాన్ని ఫోటోలు తీసే కెమెరా, పైన సైరను. వరద వస్తే కూయాలి. అలాంటి స్తంభం ఒకటి యాయత్ అక్క రుకోయా ఇంటి వెనకే ఉంది. ఆవిడ బట్టలు కుట్టి బతుకుతుంది. పోయిన వానాకాలం నీళ్ళు గడప దాటి మోకాళ్ళ దాకా వచ్చాయి, సైరను మాత్రం నోరు మెదపలేదు. కుట్టుమిషను మోటారు బురదలో మునిగింది. రుకోయా తిట్టలేదు. "మీ పెట్టెకి కూడా నీలాగే నిద్ర చాలదేమోరా" అంది. తిట్టినా బాగుండేదనిపించింది యాయత్‌కు. మళ్ళీ వానలు వస్తున్నాయి. ఈసారైనా అది కూస్తుందా అన్నదొక్కటే అతని బుర్రలో తిరుగుతోంది.

వేగంగా చూసినా, నిదానంగా చూసినా పెట్టెలో తప్పు దొరకలేదు. మెమరీ ఎప్పుడు చూసినా కావలసినంత ఉన్నట్టే చూపించేది. అయినా జోరువానలో సైరను ప్రోగ్రాము చచ్చిపోయేది, మెమరీ చాలక.

ఆ మధ్యాహ్నం యాయత్ అరిటాకులో చుట్టిన అన్నం విప్పుకుని, ఉప్పుచేప, సంబల్ కారం నంజుకుంటూ తెర వంక చూస్తున్నాడు. అన్నం చివరికొచ్చింది. గది ఊడవడానికి ఎనోక్ వచ్చింది. తల ఎత్తకుండానే "మంగ్గా" అన్నాడు.

"చేప తలకాయ మిగిలాకా కాంగ్ పిలిచేది?" అంది ఎనోక్. కాంగ్ అంటే అక్కడ అన్న. "నేను నిజంగా కూర్చుంటే ఏం పెడతావు, ఆకా?"

యాయత్ ఆకు వంక చూశాడు. పెట్టెలోనూ ఎవరో ఇలాగే లేనిది పెడతామంటున్నారేమో అనిపించి తెర వైపు తిరిగాడు.

పెట్టె ఇంటికి కెర్నెల్ పెత్తనదారు. మెమరీ తీసుకుని దగ్గర పెట్టుకున్న ప్రతివాడినీ అది అడుగుతుంటుంది: కావలసి వస్తే నువ్వెంత తిరిగివ్వగలవు? ఆ జవాబులన్నీ కూడి, ఇంత అందుబాటులో ఉందని చాటుతుంది. ఆ అంకె చూసుకునే పెట్టె ఇంకా ఫోటోలు తియ్యాలా, ఆపాలా అని తేల్చుకుంటుంది. కెమెరాను నడిపి ఫోటోలు దాచే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, తన దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తానని చెప్పేది. ఎండాకాలంలో అది అబద్ధం కాదు. పంపేసిన ఫోటోలే గనక పారెయ్యొచ్చు. వానలో నెట్‌వర్క్ నీరసిస్తుంది. పంపని ఫోటోలు పేరుకుంటాయి. అవి పారెయ్యకూడదు. అప్పుడూ డ్రైవరు అన్నీ ఇస్తాననే అనేది. కెర్నెల్ నిజంగా చెయ్యి చాచేసరికి ఏమీ వచ్చేది కాదు. పాపం, అది "మంగ్గా" విని పీట కోసం వెతికే పరదేశి. గత్యంతరం లేక లోపల నడిచే ప్రోగ్రాముల్లో ఎక్కువ మెమరీ తినే లావుపాటివాడిని చంపేది. ఎప్పుడూ సైరనే దొరికేది.

ఆ డ్రైవరు రాసింది ఎంతిస్. షెడ్డులో కంపెనీ పెట్టిన తొలి రోజుల్లో రాశాడు, ఇప్పుడు యజమాని. ఎంత ఇవ్వగలవని అడిగితే కొంచెమే అని ఏ సుండా మనిషి అంటాడు గనక!

యాయత్ సరిదిద్దాడు. పంపేసిన ఫోటోలే లెక్కలోకి వస్తాయి, పంపనివి రావు. నెట్‌వర్క్ కావాలని నెమ్మది చేసి చూశాడు. పెట్టె ముందుగానే ఫోటోలు తగ్గించుకుంది, సైరను బతికింది. కానీ అందుబాటు అంకె మూడో వంతుకు పడిపోయింది. ఆ అంకె రోజూ జిల్లా కార్యాలయం వాళ్ళకు కనబడుతుంది.

ఎంతిస్ తన గదిలో భోంచేస్తున్నాడు. విషయం విని ముఖం ముడుచుకున్నాడు. పెట్టె పాడైందనుకుంటారని, దానికి బదులు రోజూ పొద్దున్నే ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే సరిపోదా అని అడిగాడు.

"ఇక్కడ వాన మధ్యాహ్నం కదా కాంగ్ పడేది" అన్నాడు యాయత్.

"ఇన్నేళ్ళూ బాగానే చూపించింది కదయ్యా."

"చూపించింది. ఇవ్వలేదు."

ఎంతిస్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు. తర్వాత చెయ్యి ఊపి, "మంగ్గా" అన్నాడు.

ఇన్నేళ్ళ కొలువులో అలాంటి మంగ్గాలు యాయత్ ఎన్నో విన్నాడు. జీతం గురించీ, సెలవు గురించీ. తనూ ఒకటి అనేసి వెనక్కి తిరిగేవాడు, తర్వాత ఏదీ జరిగేది కాదు. ఇప్పుడూ కాళ్ళు వాటంతట అవే గుమ్మం వైపు తిరిగాయి. మెడ లాగుతోంది. ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది. మోటారులోంచి బురద పుల్లతో గీకి తీస్తున్న రుకోయా కళ్ళ ముందు కదిలింది.

"ఏ మంగ్గా కాంగ్, అది?" అన్నాడు, గుమ్మంలోనే నిలబడి.

అంత మాట అక్కడ ఎవరూ అడగరు. ఎంతిస్ ముద్ద దించి అతని వంక చూశాడు. తర్వాత బల్ల కింద ఉన్న పీటను కాలితో ఇటు తోశాడు.

"కూర్చో. ఇక్కడినుంచే, నా కళ్ళ ముందే ఆ దిద్దుబాటు పెట్టెలకి పంపెయ్. రేపటికి నాకు ధైర్యం చాలదు. కార్యాలయం వాళ్ళతో నేనే మొత్తుకుంటాలే."

వానలు మొదలైన వారంలోనే, మధ్యాహ్నం, ఫోన్ మోగింది. అక్క గొంతు వెనక సైరను చెవులు చిల్లులు పడేలా కూస్తోంది.

"ఇదేం గొంతురా దీనికి, మనిషన్నవాడు ఉండలేకపోతున్నాడు. మిషను అటకెక్కించాను. నేనూ పైకి పోతున్నా. నువ్వు తిన్నావా?"

"తిన్నాను తెతే" అన్నాడు యాయత్ అక్కతో.

తినలేదు. అరిటాకు పొట్లం కట్టు విప్పకుండా బల్ల మీదే ఉంది. రుకోయా ఫోను పెట్టేయడం మరిచిపోయి మెట్లెక్కుతున్నట్టుంది. యాయత్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆ కూత అలాగే వింటూ ఉండిపోయాడు.