బావగారు చూసిన శనిగ్రహం

మొన్న రాజాంలో మా బావగారి కొత్తింటి గృహప్రవేశానికి వెళ్తే, హాల్లో దేవుడి పటాల పక్కనే అద్దం కట్టించిన ఆ పాత బొమ్మ మళ్ళీ కనిపించింది. నల్ల కాగితం మీద తెల్ల పెన్సిలుతో గీసిన గుండ్రం, మధ్యలో చిల్లు, కింద "శనిగ్రహం, స్వయంగా చూసి గీసినది" అంటూ బావగారి సంతకం. దానికి ఎదురుగా కూర్చుని పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నానంటే, నా సంతోషం ఎలాంటిదో నా వయసువాళ్ళు ఊహించుకోగలరు.

బావగారంటే మా వారి అన్నగారు, కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. పెళ్ళయిన మూడో ఏడు నాకు సొంతంగా టెలిస్కోపు చేసుకోవాలన్న పిచ్చి పట్టి, పెరట్లో నూనె డ్రమ్ము బోర్లించి, దాని మీద దళసరి గాజుబిళ్ళ పెట్టి, గరుకుపొడీ నీళ్ళూ వేసి, పైన ఇంకో బిళ్ళతో, స్కూలు నుంచి వచ్చాక దాని చుట్టూ తిరుగుతూ ఎనిమిది నెలలు అరగదీశాను. కోరి శనిని ఇంటికి పిలుస్తున్నానని మా అత్తగారు ముభావంగా ఉండేవారు. బావగారైతే, పిండి రుబ్బడం అయిందా అని నవ్వేవారు.

అలా గుంటగా అరిగిన బిళ్ళే టెలిస్కోపు అద్దం. దానికి పూత వేయించి, గొట్టంలో బిగించి, ఒకే ఒక్కసారి చంద్రుణ్ణి చూశానో లేదో, పిల్లలకు చూపించి పంపిస్తానని బావగారు దాన్ని కాలేజీకి పట్టుకుపోయారు. తర్వాత తెలిసింది, తయారుచేసినవారు అని గొట్టం మీద తన పేరు రాయించుకున్నారని. మా వారు అన్నగారి ముందు నోరు విప్పే మనిషి కాదు. ఆ పూట నేను అన్నం ముట్టలేదు, ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఆ వేసవిలోనే ఓ అమావాస్యకి బావగారు శనిని చూపిస్తానని టెలిస్కోపుతో సహా తన విద్యార్థులను నౌపడ ఉప్పుమడుల దగ్గరికి తీసుకెళ్ళారు. కనుచూపు మేర ఒక్క దీపం లేదు, మడుల్లో నిలిచిన నీళ్ళలో కూడా చుక్కలే. అందరికీ ఉప్మా చేసిపెట్టడానికి నన్ను రమ్మన్నారు. కాసేపటికి పొయ్యి దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా, "ఓసారొచ్చి సూడమ్మా, ఏటో మసకమసగ్గా ఉన్నాది" అన్నారు.

చేతులు తుడుచుకుని వెళ్ళి సరిచేశాను. శని కనిపించింది, చిన్నది, వాలుగా ఉంగరం తొడుక్కుని, నా అద్దంలో. అంతలో వెనక నుంచి బావగారు, ఈ అద్దం అరగదీయడానికి మగాడి రెక్కలే కావాలని పిల్లలకు చెబుతున్నారు. ఫోకస్ మరను అర చుట్టు తిప్పేసి పక్కకు జరిగాను. అలాంటి టెలిస్కోపులో ఫోకస్ తప్పితే ఏ చుక్కయినా ఒకటే, మధ్యలో చిల్లుతో ఉబ్బి కనిపిస్తుంది.

"ఒరే, గారెలాగ ఉన్నాదిరా, సిల్లుతో సహా," అని మురిసిపోయి, బావగారు టార్చి వెలుగులో బొమ్మ గీసుకున్నారు. నేను మరను వెనక్కి తిప్పి పొయ్యి దగ్గరికి పోయాను. పిల్లలందరూ అసలు శనినే చూశారు, ఆ బొమ్మనూ చూశారు. ప్రాక్టికల్స్ మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కనక ఒక్కడూ నోరెత్తలేదు.

మొన్న భోజనాల తర్వాత బావగారు నా పక్కన కూర్చుని, "ఆ రేతిరి గ్యాపకం ఉన్నాదేటమ్మా?" అని అడిగారు. మీరు చూసినట్టు ఇంకెవరూ చూడలేదు బావగారూ అన్నాను. ఎంతో సంతోషించారు.

ఇప్పుడు నౌపడలో రాత్రంతా రొయ్యల చెరువుల దీపాలే. నా అద్దం మళ్ళీ ఇంటికి రానేలేదు, కాలేజీ పాత సామాన్లతో ఎక్కడికో పోయింది. ఫోనులో నొక్కితే చుక్కను తనే వెతికిపెట్టే టెలిస్కోపులు వచ్చాయట. ఆ మర తిప్పినందుకు నాకు ఇవాళ్టికీ చింత లేదు, ఆ బొమ్మ కింద నా పేరు లేనందుకు మహా సంతోషం. చింతల్లా ఒక్కటే. ఆ రాత్రి ఉప్మా వడ్డించి నేను తిరిగి వచ్చేసరికి సముద్రం మీంచి మబ్బు కమ్మేసింది. ఆయన మీద కసి తీర్చుకునే తొందరలో, ఎనిమిది నెలలు అరగదీసిన నా అద్దంలో నా శనిని నేను చూసుకున్నది గ్లాసుడు నీళ్ళు తాగినంత సేపే.