రేవతి రెజ్యూమేలో నేను దిద్దిన అంకె

అది 2022. చెన్నై షోళింగనల్లూరులో ఒక పెద్ద ఐటీ ఆఫీసు వెనక సందులో, రెండో అంతస్తులో మా కన్సల్టెన్సీ. ఆరు కుర్చీలు, ఆరు ఫోన్లు, ఎన్నిసార్లు బాగుచేయించినా నీళ్ళు కారే ఒక ఏసీ. నేను రిక్రూట్‌మెంట్ కన్సల్టెంటుని. అంటే ఉద్యోగం కావలసిన మనిషికీ, మనిషి కావలసిన కంపెనీకీ మధ్య నిలబడి మాట్లాడేదాన్ని. పెళ్ళిళ్ళ పేరయ్య పనే అనుకోండి, జాతకం బదులు రెజ్యూమే. ఈ మధ్య చదువు ముగించిన పిల్లలు చాలామంది "మేమూ మీ లైనులోకి రావచ్చా మేడమ్?" అని అడుగుతున్నారు. నిక్షేపంగా రావచ్చు. మాటకారితనం ఉంటే చాలు, ఎండలో తిరగక్కర్లేదు, "నీకు ఉద్యోగం వచ్చిందమ్మా" అని ఫోన్‌లో చెప్పే ఆ నిమిషం మహా బాగుంటుంది. ఆ మంచి సంగతులు చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. నేను రేవతి సంగతి చెబుతాను. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది.

రేవతిది పురసవాక్కం. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు, భర్త మోహన్‌కి చిన్న పాత్రల కొట్టు. ముప్పయ్యారేళ్ళుంటాయి. రెజ్యూమే అంటూ ఏమీ లేదు, నోటుబుక్కులోంచి చించిన రెండు కాగితాల మీద వివరాలు గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. మాదీ ఈ ఊళ్ళోనే, మాధవరం. మా ఇంట్లోనూ తెలుగే. నేను నోరు తెరవగానే ఆమె ముఖం వికసించింది.

"మీరు తెలుగా? అబ్బ, ప్రాణం లేచొచ్చింది అక్కా! నిన్నటి నించి దడగా ఉండాది, ఈడ ఎవరుంటారో, ఇంగ్లీషులో ఏమడుగుతారో అని."

అంబత్తూరులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో నాలుగేళ్ళు చేసింది. 2020 మార్చిలో మానేసింది.

"మా అత్తకి పక్షవాతం వచ్చింది అక్కా. రెండేండ్లు ఆమె కాడే ఉండాను, ఎత్తి కూర్చోబెట్టేదానికి కూడా మనిషి కావల్ల. మొన్న పోయింది. ఆ రెండేండ్లు ఇంట్లోనే ఉన్నానని రాసెయ్యండి, దాచొద్దు. దాంట్లో తప్పేముండాది?"

"ఏమీ లేదు" అన్నాను. నిజానికి ఆ మాటే ఆమెకి అడ్డం వచ్చేదని నాకు తెలుసు. మా భాషలో దాన్ని గ్యాప్ అంటాం. పనిలో లేని కాలం. పిల్లల కోసమో పెద్దవాళ్ళ కోసమో ఆగిన ఆడవాళ్ళందరికీ ఉంటుంది. ఆ కాగితాలు చూసి నేనే రెజ్యూమే టైప్ చేసి, ఉన్నది ఉన్నట్టుగా రెండు కంపెనీలకి పంపాను. రెండు చోట్ల నించీ ఒకటే జవాబు: గ్యాప్ ఉంది, వద్దు. పిలిచి ఒక ప్రశ్న అడిగిన పాపాన కూడా పోలేదు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మేం పంపే రెజ్యూమేలో అభ్యర్థి ఫోన్ నంబరు, ఈమెయిల్ తీసేసి, మా లెటర్‌హెడ్ మీదికి ఎక్కించి పంపుతాం. లేకపోతే కంపెనీ మమ్మల్ని పక్కనబెట్టి నేరుగా మాట్లాడుకుంటుందని భయం. అందువల్ల తన గురించి ఏం రాసి పంపారో ఆ మనిషికి చూసే అవకాశమే రాదు. ఆ చాటున చిన్న చిన్న మార్పులు చేయడం మా ఆఫీసులో మామూలు. దానికి మేం పెట్టుకున్న ముద్దుపేరు సర్దడం.

మూడో కంపెనీకి పంపేటప్పుడు నేను సర్దాను. మార్చి 2020లో చివరి సున్నా తీసి రెండు పెట్టాను. ఒక్క అంకె. పాపం మంచి పిల్ల, పనిమంతురాలు, దీంతో గట్టెక్కిపోతుంది అనుకున్నాను. అప్పుడు నన్ను నేను మహా దయగలదాన్ని అనుకున్నాను కూడా. ఆ నెలలో నా జాయినింగులు, అంటే నేను ఉద్యోగాల్లో చేర్పించినవాళ్ళ లెక్క, తక్కువయ్యాయన్న సంగతి మాత్రం ఆ దయలో కలపలేదు. రేవతికి ఏమీ చెప్పలేదు. "ఎందుకు మానేశావని అడిగితే ఇంటి కారణాలని చెప్పు, నిజమే కదా" అని మాత్రం నేర్పాను. ఇంటర్వ్యూ కంప్యూటర్ మీద జరిగింది. వాళ్ళు పని గురించే అడిగారు, ఆమె టకటకా చెప్పింది, ఉద్యోగం వచ్చింది. మా ఆఫీసుకి మైసూర్‌పాక్ పట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, "మీ చేతి చలవ అక్కా" అంది.

మూడు వారాలు చేసింది. ఆ తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టు వచ్చింది. చేరినవాళ్ళు చెప్పినవన్నీ నిజమా కాదా అని పాత కంపెనీలో ఆరా తీసే పని అది. రేవతి చేరిన రోజు ఫారంలో తన చేత్తో 2020 అనే రాసింది. పాత కంపెనీ కాగితంలోనూ 2020. రెజ్యూమేలో మాత్రం 2022. ఆ కంపెనీ హెచ్‌ఆర్ ఆవిడ ఆమెని గదిలో కూర్చోబెట్టి, నాకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"మీ అభ్యర్థి తేదీ మార్చింది. మీకు తెలిసే పంపారా?" అని తమిళంలో నిలదీసింది.

ఆ కంపెనీ మాకు పెద్ద క్లయింట్. అవును, నేనే మార్చాను అనడానికి ఎంతసేపు? అనలేదు. "అభ్యర్థులు ఏమిస్తే అదే మేం పంపుతాం మేడమ్" అన్నాను.

అప్పుడు అవతల నించి రేవతి గొంతు తెలుగులో వినబడింది. "అక్కా, నేను అట్ల రాసియ్యలేదు గదా? మీ చేతికే ఇచ్చినా గదా కాగితం. చెప్పండక్కా వీళ్ళకి."

"నాకు గుర్తులేదమ్మా" అన్నాను.

ఆమె కాగితాలు అప్పుడు నా టేబుల్ సొరుగులోనే ఉన్నాయి. ఛీ, ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆ మధ్యాహ్నమే ఆమెని పంపేశారు. అబద్ధం రాసిన మనిషి అని ఆ కంపెనీ రికార్డులో రాసుకున్నారు.

ఇంటి మీదికి గొడవకొస్తుందని రెండు రోజులు భయపడ్డాను. రాలేదు. పదిరోజులకి ఒక మెసేజ్ వచ్చింది. "అక్కా, నేను రాసిచ్చిన కాగితం ఫోటో తీసి పంపిస్తారా? ఇంట్లో చూపించాల." రెండుసార్లు చదివాను. పంపితే ఆ ఫోటో తిరిగి కంపెనీ దాకా పోతుందేమోనని లెక్కవేసుకుని, జవాబివ్వకుండా ఊరుకున్నాను. కాగితాలు చించెయ్యడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఎనిమిది నెలల తర్వాత చీరలు కొందామని పురసవాక్కం వెళ్ళాను. ఒక చీరల కొట్లో, బిల్లు కౌంటర్‌లో రేవతి. నన్ను గుర్తుపట్టింది. చీరలు లెక్కపెట్టి, బిల్లు వేసి, "సంచీ కావల్నా మేడమ్?" అని అడిగింది. అక్కా అనలేదు.

ఆమె భోజనానికి బయటికొచ్చేదాకా వీధిలో నిలబడి, "తప్పు నాదే రేవతీ, ఆ అంకె నేనే మార్చాను" అని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"నాకు తెలుసు" అంది. "ఫోన్‌లో గుర్తులేదన్నారే, అప్పుడే తెలిసింది."

"మరి వచ్చి నన్ను అడగలేదేం?"

"మిమ్మల్నడిగి ఏం చేసేది? మా ఆయనకి కూడా నేనేందో తెలీలేదు, నేనే అబద్ధం రాసినాననుకున్నాడు, అది నా బాధ. ఆయన తిట్టలేదు, కొట్టలేదు, పాపం మంచోడే. కాకుంటే అప్పటి నించి నేనేం చెప్పినా ఇంకోతూరి అడుగుతాడు. పిల్ల ఫీజు కట్టేసినానంటే, నిజంగానా అంటాడు. అమ్మగారింటికి పోయొచ్చినానంటే, నిజంగానా అంటాడు. పద్నాలుగేండ్ల కాపురంలో ఆ మాట ఎరగను." కళ్ళు తుడుచుకోలేదు, కొట్టు వైపు చూస్తూ అంది. "మీరు ఇంటికొచ్చి ఆయనకి చెప్పండి. ఇంకేం వద్దు నాకు."

ఆదివారం పొద్దున కాగితాలు తీసుకుని వెళ్ళాను. మోహన్ కుర్చీ వేసి, కాఫీ తెమ్మన్నాడు. కాఫీ ముట్టకుండా మొత్తం చెప్పాను. నేనే దిద్దాననీ, అడిగినప్పుడు నా ఉద్యోగం కోసం ఆమె మీదికి తోసేశాననీ, మెసేజ్ వచ్చినా నోరు మూసుకున్నాననీ. అంత గలగలా మాట్లాడేదాన్ని, ప్రతి వాక్యానికీ తడబడ్డాను. ఆయన రెండు కాగితాలూ చదివాడు. గుండ్రటి అక్షరాల్లో 2020 మీద వేలు పెట్టాడు. తల ఎత్తి వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్యని చూశాడు.

"నిజంగానా రేవతీ?" అన్నాడు.

అన్నాక ఆయనకే తెలిసింది. నాలుక కరుచుకుని తల దించుకున్నాడు. రేవతి లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు ఆ కంపెనీకి రాతమూలకంగా నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె పేరు మీది మచ్చ తీసేశారు, మా కన్సల్టెన్సీని కూడా వాళ్ళ జాబితాలోంచి తీసేశారు. కన్సల్టెన్సీ నడిపే మా సార్ నెలరోజులు నాతో మాట్లాడలేదు. మంచి ఉద్యోగం చూస్తానని రేవతికి ఫోన్ చేస్తే, "వద్దులే మేడమ్, ఈడ బాగుండాది" అని పెట్టేసింది. ఇప్పుడు నేను ఏ రెజ్యూమే పంపినా, ముందు ఆ మనిషికి చూపించి, చదివాక సరేనంటేనే పంపుతాను. గ్యాప్ ఉంటే ఉందనే రాస్తాను, దానివల్ల చాలా ఉద్యోగాలు చేజారుతుంటాయి. ఈ లైనులోకి వస్తామనే పిల్లలకి నేను చెప్పేది ఇదొక్కటే. కంపెనీ రికార్డులో నేను పెట్టిన మచ్చని ఒక ఉత్తరంతో తీయించగలిగాను. ఆ ఇంట్లో మోహన్ నోటికి నేను అలవాటు చేసిన ఆ మాటని మాత్రం ఏ ఉత్తరం రాసీ తీయించలేకపోయాను.