నానమ్మ ఉమ్మేసిన బెల్లం

ఈమధ్య నాకు షుగర్ వచ్చిందని తెలిసి అమ్మ నా చేతిలో పొడపత్రి ఆకులు పెట్టింది. చూడగానే నానమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆమెకూ షుగరే. అమ్మ రోజూ ఆ ఆకు నమిలించేది. నమిలిన వెంటనే నానమ్మ చాటుగా బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఉమ్మేసేది.

"మన్ను లెక్కున్నది. మీయమ్మ దీంట్ల ఏందో కలిపింది. నువ్వు తినకు బిడ్డా!"

గడ్డపోతారం మందుల కంపెనీలో పనిచేసే నాన్న చొక్కా ఎప్పుడూ ఘాటుగా వాసన వేసేది. అక్కడి మందు పొడే అమ్మ కలుపుతోందనుకుని, ఆమె పెట్టిన అన్నం కూడా వాసన చూసి తినేదాన్ని.

ఇప్పుడు ఆకు నమిలి చక్కెర వేసుకుంటే ఇసుకలా తగిలింది. ఆ ఆకు కాసేపు నాలుకకు తీపి తెలియనివ్వదట.

"నాకైనా చెప్పలేదేమమ్మా?"

"నీకు జెప్తే ఆమెకు జెప్పకపోతుంటివా? ఇగ ఆమె ఆకు ముట్టకపోతుండె, బెల్లం మానకపోతుండె," అంది అమ్మ.