చెవి మాస్టారి కోసం బంద్

కుట్టుమిషన్లు బాగుచేసేవాళ్ళకి ఓపిక ఎక్కువని లోకం అనుకుంటుంది. వట్టి మాట. ఉన్న ఓపికంతా మిషన్లకే సరిపోతుంది, మనుషుల దాకా రాదు. కావాలంటే మిషనక్కని చూడండి. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పోయాక ఆయన దుకాణంలోనే, ఆయన కూర్చున్న ఎత్తుపీట మీదే ఇరవై ఆరేళ్ళుగా కూర్చుంటోంది. వీధి మలుపులో, మందుల షాపుకీ తాళాలు చేసేవాడికీ మధ్య ఇరుకు గది అది. గోడ నిండా వేలాడే బెల్టులు, బల్ల కింద డబ్బాల్లో షటిళ్ళు, బాబిన్లు, ఒక సీసా నిండా విరిగిన సూదులు. ఇవి ఎందుకు దాస్తున్నావని ఎవరైనా అడిగితే, "మీ తెలివితేటలకి గుర్తుగా" అంటుంది.

ఇది చాలదన్నట్టు, పదకొండేళ్ళ కిందట ఆవిడ కొరివితో తల గోక్కుంది. ఫోనులో ఒక గ్రూపు పెట్టింది. పాత కుట్టుమిషన్లు ఉన్నవాళ్ళు సందేహాలు అడుక్కునే చోటు. పదిమందితో మొదలైనది నలభై వేలమంది అయింది. దాన్ని చూసుకునేది ఇద్దరే. ఒకరు మిషనక్క, ఇంకొకరు వేరే ఊళ్ళో గుండీలు, జిప్పులు అమ్ముకునే గుండీలాయన. జీతం లేదు, బత్తెం లేదు. తిట్లకి మాత్రం కొదవ లేదు.

ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది. మిషను ఫొటో పెట్టి "ఏమైందో చెప్పండి" అంటే ఎవరూ పలకరు. దారం తీసేసి, ఒక నిమిషం తొక్కి, ఆ చప్పుడు రికార్డు చేసి పెట్టాలి. ఆ పద్ధతి చెవి మాస్టారి వల్ల వచ్చింది. ఆయన ఒకప్పుడు ఎంతోమంది టైలర్లకి పని నేర్పిన మాస్టారు. చూపు పోయి పదేళ్ళయింది. ఎవరు పెట్టిన చప్పుడైనా ఒకటికి రెండుసార్లు విని, తన గొంతుతోనే జవాబు పెట్టేవారు. "షటిల్ వెనక దారం ముక్క చుట్టుకుందమ్మా. నూనె పొయ్యకు. ముందు అది లాగు." పది చెబితే తొమ్మిది అక్షరాలా నిజమయ్యేవి. పదోది చెప్పినట్టు చెయ్యనివాడి ఖర్మ.

గ్రూపులో జనం రాసేదంతా ఆయనకి పైకి చదివి వినిపించేది ఒక చిన్న యాప్. ఎవరో బయటివాళ్ళు తయారుచేశారు. ఇలాంటి గ్రూపులన్నిటికీ ఫోనులో చోటిచ్చే కంపెనీ ఒకటుంది, దాని సొంత యాప్ ఆయనకి ఎందుకూ కొరగాదు. ఎక్కడ వేలు పెట్టినా "బటన్, బటన్, బటన్" అంటుందే తప్ప ఏ బటనో చెప్పి చావదు.

ఇలా ఉండగా ఆ కంపెనీవాళ్ళకి బుద్ధి పుట్టింది. నెలాఖరు తర్వాత బయటి యాప్‌లేవీ పనిచెయ్యవని కొత్త నియమం పెట్టారు. వందలకొద్దీ గ్రూపులు భగ్గుమన్నాయి. పన్నెండో తారీకు నుంచి రెండు రోజులు అందరూ తలుపులు మూసెయ్యాలని పిలుపు వచ్చింది.

మిషనక్క తన గ్రూపులో ఓటు పెట్టింది. పెట్టాక ఎందుకు పెట్టానురా భగవంతుడా అనుకుంది. బంద్ అంటే ఇంట్లో మిషను కూడా తొక్కకూడదా అని ఒకడు. తనకి ఎల్లుండికల్లా యూనిఫాంలు ఇచ్చెయ్యాలని, కాబట్టి పోరాటం వచ్చేవారానికి మార్చమని ఇంకొకావిడ. ఓటు ఎక్కడ వెయ్యాలో తెలియక "ఓటు" అని రాసి ఊరుకున్నవాళ్ళు రెండొందల మంది. అయినా గెలిచింది. మాస్టారు మాత్రం గొంతు సవరించుకుని, "నాలాంటి ఒకరిద్దరి కోసం ఇంత గొడవ ఎందుకమ్మా? నలుగురికీ ఇబ్బంది కదా" అని ఒక మాట పెట్టారు.

"మీరు ఊరుకోండి మాస్టారూ! రెండు రోజులేగా, మీ చెవులకి సెలవనుకోండి" అని మిషనక్క కసిరింది.

గ్రూపు మూస్తే ఎవరూ లోపలికి రాలేరు, పేర్లు రాసిపెట్టినవాళ్ళు తప్ప. మంచీచెడూ మాట్లాడుకోవడానికి ముప్ఫైమంది పాతకాపుల్ని లోపల ఉంచుకుందామనుకున్నారు. ఆ పేర్లు మిషనక్కే పాత చందా పుస్తకం వెనక పేజీలో రాసుకుని, ఒక్కొక్కటే ఎక్కించింది. లోపలికి రాబోయినవాళ్ళకి ఫోనులో కనపడే బోర్డు గుండీలాయన తయారుచేశాడు. పెద్ద చెవి బొమ్మ గీసి, దాని మీద వంపులు తిరిగిన అక్షరాలతో "మాస్టారి చెవి కోసం మూశాం" అని రాశాడు. అదేదో ఘనకార్యమైనట్టు అందరూ శభాష్ అన్నారు.

రెండు రోజులు గడిచాయి. కంపెనీకి చీమ కుట్టినట్టయినా లేదు. లోపలున్న ముప్ఫైమందికీ రోషం వచ్చింది. కంపెనీ దిగివచ్చేదాకా తెరిచేది లేదని తీర్మానించారు. గుండీలాయన ఇంకో బోర్డు పెట్టాడు. ఈసారి చెవి ఇంకా పెద్దది.

అక్కడి నుంచి మిషనక్కకి నిద్రాహారాలు లేవు. దుకాణం ఫోను మోగడం, ఆవిడ పళ్ళు కొరకడం. "మా మిషను మూలుగుతోందండీ, మీ ధర్మయుద్ధం తర్వాత చేసుకోండి" అంటాడొకడు. "తీసుకురండి, చూస్తాను" అంటే, "అంత దూరం ఎవరొస్తారు? గ్రూపు తెరవండి చాలు" అంటాడు. లోపలి ముప్ఫైమందిలో పదిమంది తెరవమంటారు, పదిమంది వద్దంటారు, మిగతా పదిమంది ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళతో దెబ్బలాడతారు.

మొగుడు బస్సు డిపోలో టైమ్‌కీపరు. నిమిషం తేడా వస్తే సహించే రకం కాదు. అన్నం చల్లారిపోతుంటే చూసి చూసి, "నిన్ను ఇదంతా ఎవరు చెయ్యమన్నారే?" అన్నాడు.

"ఎవరూ చెయ్యమనలేదు. అదేగా నా ఏడుపు" అంది మిషనక్క, ఫోను లోంచి తల ఎత్తకుండానే.

ఇరవయ్యో తారీకున కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా తెరవకపోతే మిమ్మల్ని తొలగించి వేరేవాళ్ళని పెడతామని దాని సారాంశం. మిషనక్కకి ఒళ్ళు మండిపోయింది. "జీతం ఇవ్వని ఉద్యోగం లోంచి తీసేస్తారట! మహారాజులా తియ్యండి. వచ్చేవాడికి షటిల్ ఏదో బాబిన్ ఏదో తెలుసా?" అని జవాబు రాసింది. అవతలి నుంచి, మీ అభిప్రాయం మాకు విలువైనది అని యంత్రం సమాధానం పంపింది.

ఈ రభసలో ఒకరోజు ఆవిడకి ఉన్నట్టుండి గుర్తొచ్చి గుండీలాయనకి ఫోను చేసింది.

"మాస్టారేంటండీ, ఒక్క ముక్క మాట్లాడటం లేదు?"

"ఆయన పెద్దమనిషండీ. మనలా నోరు పారేసుకోరు. మౌనంగా ఉండటమే ఆయన మద్దతు."

నిజమే కాబోలు అనుకుంది. ఆయన్ని నేరుగా అడుగుదామంటే నంబరు తెలియదు. ఇన్నేళ్ళలో మాస్టారు గ్రూపులో తప్ప ఎక్కడా తారసపడలేదు.

ముప్ఫయ్యో తారీకు రానే వచ్చింది. కంపెనీ దిగిరాలేదు. చెప్పినట్టే బయటి యాప్‌లన్నీ ఆపేసింది.

మర్నాడు పొద్దున్న దుకాణం తెరిచేసరికి ఫోను మోగుతోంది. ఎవడో తిట్టడానికే అనుకుని విసురుగా ఎత్తింది. ఎవరో పెద్దావిడ, "మిషన్లు బాగుచేసే దుకాణమేనా అమ్మా? మా ఆయన మాట్లాడతారట" అంది. తర్వాత గొంతు సవరించుకున్న చప్పుడు. అది వినగానే మిషనక్క పీట మీద నుంచి లేచి నిలబడింది.

"మాస్టారూ! ఈ నంబరు ఎలా దొరికింది మీకు?"

"మా ఆవిడ వారం రోజులు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి పట్టుకుందమ్మా."

"యాప్ ఆపేశారు కదా మాస్టారూ. మేం చెయ్యగలిగిందంతా చేశాం. ఆ కంపెనీవాళ్ళు..."

"అది పోతుందని ముందే తెలుసు కదమ్మా, దాని గురించి కాదు. ఒక్క మాట అడుగుదామని. కోపం తెచ్చుకోకు."

"అడగండి."

"నన్నెందుకు తీసేశారు?"

మిషనక్కకి అర్థం కాలేదు. ఆయనే మెల్లగా చెప్పుకొచ్చారు.

"రెండు రోజులన్నారు, ఆగాను. మూడో రోజు చూస్తే 'మీకు ప్రవేశం లేదు' అంది యాప్. నాలుగో రోజూ అదే. మొన్నటిదాకా పొద్దునా సాయంత్రం చూస్తూనే ఉన్నాను. అందరినీ మళ్ళీ రానిచ్చి నన్నే వద్దనుకున్నారని అర్థమైంది. గొడవ ఎందుకన్నానని కోపం వచ్చిందా అమ్మా? ఆ మాట వెనక్కి తీసుకుంటానని చెబుదామంటే, ఎక్కడ చెప్పను?"

"అయ్యో, బోర్డు పెట్టాం కదా మాస్టారూ..." అంటూనే నాలుక కరుచుకుంది. బోర్డంతా బొమ్మే. అక్షరాలు కూడా బొమ్మలో భాగమే. ఆయన యాప్ మాటలు చదువుతుంది కానీ బొమ్మలు చదువుతుందా? చెవి బొమ్మ గీశారు తప్ప, ఆ చెవికి వినపడేలా ఒక్క ముక్క రాయాలని నలభై వేలమందిలో ఒక్కరికీ తట్టలేదు.

గబగబా చందా పుస్తకం తీసి వెనక పేజీ చూసింది. ముప్ఫై పేర్లూ చదివింది. తనని దొంగముండ అని తిట్టినవాడి పేరు తొమ్మిదోది. మాస్టారి పేరు లేదు. పెళ్ళి పిలుపుల జాబితాలో పెళ్ళికొడుకు పేరు ఎవరు రాస్తారు? ఆయన ఎలాగూ ఉంటారనే అనుకుంది.

"మాస్టారూ, మిమ్మల్ని ఎవరూ తియ్యలేదు. గ్రూపు ఇప్పటికీ మూసే ఉంది, అందరికీ. మీ కోసమే మూశాం. లోపల ఉంచాల్సినవాళ్ళ పేర్లలో మీది రాయడం మర్చిపోయాను. నేనే మర్చిపోయాను. బుద్ధి లేని దాన్ని."

"అయితే నన్ను తీసెయ్యలేదా?"

"లేదు మాస్టారూ."

"నిజంగా?"

"మా నాన్న మీద ఒట్టు."

ఇక మీదట ఆయనకి ఆ గ్రూపు ఒక్క మాట కూడా వినిపించదు. తలుపు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. అది ఆయనకి ఎలా చెప్పాలా అని మిషనక్క మాటలు వెతుక్కుంటోంది. ఈలోగా ఆయన ఫోను చేతిలోనే పట్టుకుని ఇంట్లోకి కేకేశారు.

"ఏమే, విన్నావా? నన్ను తీసెయ్యలేదట! మర్చిపోయారట, అంతే!"

లోపలెక్కడో ఆవిడ "హమ్మయ్య" అనడం మిషనక్కకి స్పష్టంగా వినిపించింది.