అన్న భుజంలో చప్పుడు

ఇన్నేళ్ళలో మా ఇంట్లో నా మాట ఒక్కరూ పట్టించుకోలేదు. అందుకే రాస్తున్నాను.

నిన్న మా అన్న పెద్ద లీగ్‌లో మొదటిసారి బౌలింగ్ వేశాడు. బాబాయి వీధంతా స్వీట్లు పంచాడు. బంతి వేసిన ప్రతిసారీ అన్న కుడిభుజం పట్టుకోవడం టీవీలో నేనొక్కదాన్నే చూశాను. ఒక్కసారిగా మిరపకాయల ఘాటు ముక్కుకు తగిలినట్టైంది.

మా చిన్నప్పుడు కారంపూడి దగ్గర మా మిరప కల్లంలోనే బాబాయి అన్న చేత బంతులు వేయించేవాడు. కాయలు కూరిన టిక్కీ బస్తాయే వికెట్. పొద్దుగూకినా ఆపనిచ్చేవాడు కాదు. ఒకరోజు అన్న భుజంలో టక్కుమంది. ట్రాక్టర్‌కి లాగా లోపల నట్టు వదులైందనుకున్నాను.

"బాబాయ్, అన్న చేతిలో నట్టు ఊడొస్తంది. ఇంక ఆపు."

"ఏమే, నువ్వేమన్నా మెకానిక్కువా? పోయి తాలుకాయలు ఏరుకో!"

కల్లంలో అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నా పేరు నట్టమ్మ. అన్న మాత్రం నవ్వలేదు. పడిన బంతిని ఎడమచేత్తో తీసుకున్నాడు.

భుజాల్లో నట్లుండవని ఇప్పుడు తెలుసు. చప్పుడు మాత్రం నిజం. రేపు మళ్ళీ మ్యాచ్ ఉంది. బాబాయ్, ఆ చప్పుడు ఆ రోజు నీకు వినపడిందా, లేదా? ఈసారి నవ్వకుండా చెప్పు.