మూడో మలుపు

డెబ్భై ఒకటో ఏట ఓర్ఫా స్టర్జిల్ కాలు మొదటిసారి పాటకి తాళం వేసింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది ఆమె కాదు, పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న డెల్ఫా. "వదినా, నీ కాలు చూసుకో, నిన్ను అడక్కుండానే గెంతుతోంది!" అని పకపకా నవ్వింది. ఓర్ఫా దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు కాలు వెనక్కి లాక్కుంది. ఈలోగా పొయ్యిలో మొక్కజొన్న రొట్టె మాడిపోయింది.

ఆమె అక్కడికి పాట కోసం వెళ్ళలేదు. లారెల్ వాగు పాత బడిలో శనివారం మధ్యాహ్నాలు బ్లూగ్రాస్ అనే కొండపాటలు వాయించేవాళ్ళు చేరతారు. మా ఊరి ఫైరింజన్‌కి కొత్త గొట్టాలు కావాలని ఆడవాళ్ళు అక్కడే ఉడకబెట్టిన బీన్సూ రొట్టే పెట్టి అమ్ముతారు. ఎప్పుడూ వండే మనిషి మంచాన పడితే ఓర్ఫాని బతిమాలుకున్నారు. "నేను వంటింట్లోనే ఉంటాను, వాళ్ళ గోల నా చెవిన పడకూడదు" అని షరతు పెట్టి మరీ ఒప్పుకుంది. ఆ వంటింటికి తలుపు లేదన్న సంగతి మాత్రం ఎవరూ ఆమెకి చెప్పలేదు.

ఆమె మొగుడు ఆర్విల్ ఒకప్పుడు ఈ లోయలో పేరున్న బాంజో మనిషి. పగలంతా బొగ్గు గనిలో నడుం వంచి, సాయంత్రం వెనక వసారాలో కూర్చుని వాయించుకునేవాడు. ఓర్ఫాకి ఆ మోత వింటే ఒళ్ళు మండేది. అతను బాంజో ఎత్తగానే ఆమె గిన్నెలు ఎత్తేది. కడిగినవే మళ్ళీ కడిగేది, మూతల్ని మూతలకేసి కొట్టేది. అతను కాస్త గట్టిగా మీటేవాడు. ఆమె ఇంకాస్త గట్టిగా కొట్టేది. వాళ్ళ కాపురంలో సగం సాయంత్రాలు అలాగే గడిచాయి.

మా చర్చిలో వాయిద్యాలు ఉండవు. సంఘ పెద్ద ఒక పాదం అందిస్తే అందరూ గొంతు కలిపి సాగదీసి పాడటమే. అరవై మూడేళ్ళకి ఆర్విల్ సంఘంలో చేరతానన్నప్పుడు ఓర్ఫా ఒకటే మాట చెప్పింది. "ఆ తీగల తప్పెటన్నా ఉంచుకో, పరలోకమన్నా ఉంచుకో. రెండూ కుదరవు." వాగులో బాప్తిస్మం అయిన రోజు అతను తడిబట్టలతోనే ఇంటికొచ్చి, బాంజోని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. ఇది జరిగి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ ఓర్ఫా దాన్ని తన గెలుపనే అనుకుంది.

రెండో శనివారం ఆమె గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వాళ్ళంతా గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఒకరు వరస ఎత్తుకుంటే మిగిలినవాళ్ళు చెయ్యి తగ్గించి వాయిస్తారు. తన వంతు అయ్యాక పక్కవాడికి తల ఊపుతాడు. ఇష్టం లేనివాడు తల అడ్డంగా ఆడిస్తే వంతు ఆ పక్కకి పోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఫిడేలు పైకి లేచినప్పుడు మాండలిన్ తగ్గి దారి ఇచ్చింది. బాంజో వంతు వచ్చేసరికి మిగతావన్నీ సర్దుకుని కూర్చున్నట్టయింది. యాభై ఏళ్ళు గోల అనుకున్నదానిలో ఇంత మర్యాద ఉందా అని ఆమె తెల్లబోయింది. మా సంఘం కూటాల్లో కూడా ఒకరి మాట ఒకరు అంతసేపు వినగా ఆమె చూడలేదు. ఇక పనిలో మనసు నిలవలేదు. నాలుగో శనివారానికి వంటమనిషి లేచి తిరుగుతున్నా, "ఇంకొన్నాళ్ళు పడుకోవమ్మా, తొందరేముంది" అని ఆమెని వెనక్కి పంపేసింది.

ఆ రోజే ఒక వరస వాయించారు. ఒకసారి ఎక్కింది, ఒకసారి తిరిగింది, అంతలో మెట్టు ఒకటి ఊడిపోయినట్టు మళ్ళీ మొదటికొచ్చింది. అయ్యాక మాండలిన్ వాయించే క్లెల్ గిన్నె పట్టుకుని వస్తే ఆమె అడిగింది.

"అదేంటి క్లెల్, సగంలో వదిలేసినట్టుంది?"

"సగం కాదక్కా, మూడింట రెండు వంతులు ఉంది. ఆర్విల్ బావ కట్టిన వరస అది. రెండు మలుపులు నాకు నేర్పాడు. మూడోది వచ్చే శనివారం చూపిస్తానన్నాడు. ఆ ఆదివారమే నువ్వాయన్ని వాగులో ముంచేశావు."

"ముంచింది నేనా? సంఘ పెద్ద బెర్ల్ కదూ ముంచింది!"

"చేతులు ఆయనవేలే అక్కా" అని, ఇంకో రొట్టె ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఆమెని రాత్రంతా పొడిచింది. మర్నాడు ఆరాధన అయ్యాక సంఘ పెద్ద బెర్ల్‌ని చెట్టు కింద పట్టుకుని, వాయించేవాడు సంఘంలో ఉండకూడదా అని అడిగింది. బెర్ల్ ఆమెని వింతగా చూశాడు.

"చెల్లెమ్మా, వాయిద్యం ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు, అంతే. ఇంట్లో ఆయన ఏం వాయించుకుంటే మనకెందుకు? మా తమ్ముడు ఫిడేలు వాయించడూ? ఆర్విల్‌ని మానమని నేనెప్పుడన్నాను?"

ఎప్పుడూ అనలేదు. ఎవరూ అనలేదు. తన విసుగునే ఆమె దేవుడి మాట చేసి మొగుడికి చెప్పింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఓర్ఫాకి సిగ్గుతో ముఖం కాలిపోయింది.

నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. గోనెసంచి విప్పితే బాంజో పైతోలు ఎలుకలు కొట్టేశాయి. తీగలు ఒక్కటీ లేవు. ఎవరు తీశారా అని ఒక్క క్షణం కోపం కూడా వచ్చింది. ఆ తరవాత గుర్తొచ్చింది. ఆ మొదటి ఏడు బీన్స్ కాయలు గుచ్చి ఎండబెట్టడానికి దారం చాలక, తనే ఆ ఐదు తీగలూ ఊడబీకింది. పదకొండేళ్ళుగా వసారా దూలానికి వేలాడుతున్నవి అవే. చలికాలమంతా ఆ కాయల కూరే ఆర్విల్ కంచంలో పెట్టింది.

ఆమె దిగొచ్చేసరికి అతను పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. కీళ్ళవాతానికి వేళ్ళు లోపలికి వంకరపోయి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకోవలసి వస్తోంది.

"ఏమయ్యా, నేనో పాడు పని చేశాను."

"ఏది? ఒకటా రెండా, పేరు పెట్టి చెప్పు."

"నీ బాంజో తీగలకి బీన్స్ గుచ్చాను."

"తెలుసే. మొదటి ఏడే చూశాను. చివర మెలికలు నేను పెట్టినవే కదా."

"మరి ఒక్క మాటన్నా అనలేదేం?"

"ఏమనాలి? కాయలు బాగానే ఎండాయి."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుంటే ఎదురు తిట్టి తేలికపడేది. ఓర్ఫా చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. "బెర్ల్ వద్దనలేదటయ్యా. ఎవరూ వద్దనలేదు. వద్దన్నది నేనే. ఆ మూడో మలుపు ఒక్కసారి వాయించు, వింటాను" అంది. అతను తన వేళ్ళకేసి చూసుకుని, "ఇప్పుడా?" అన్నాడు.

క్లెల్ కొత్త తోలు బిగించి, తీగలు వేసి, శ్రుతి చేసి తెచ్చాడు. తరవాతి శనివారం ఆర్విల్‌ని పాత బడికి తీసుకెళ్ళారు. వలయంలో అతనికి కుర్చీ వేశారు. ఓర్ఫా వంటింట్లో పొయ్యి ఆర్పేసి గుమ్మంలో నిలబడింది. అతని వరసే ఎత్తుకున్నారు. మొదటి మలుపు అయింది, రెండోది అయింది. క్లెల్ అతనికేసి తల ఊపాడు. అందరూ చెయ్యి తగ్గించి, తాళం మాత్రం నడుపుతూ ఆగారు.

ఆర్విల్ వంకరవేళ్ళు తీగల మీద పెట్టాడు. ఒక తీగ పలికింది, రెండోదాని దగ్గర బొటనవేలు జారిపోయింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. "పోనీ బావా, గొంతుతో అను, మేం పట్టుకుంటాం" అన్నాడు క్లెల్. ఆర్విల్ కళ్ళు మూసుకుని కూనిరాగం తీశాడు. నాలుగైదు స్వరాలు చురుగ్గా వచ్చాయి. అంతలో రాగం నెమ్మదించింది, సాగింది, సాగి సాగి చర్చిలో వాళ్ళు ప్రతి ఆదివారం పాడే కీర్తనైపోయింది. అతనికే తెలిసి ఆపేశాడు.

"అది వేళ్ళల్లో ఉండేదిరా" అన్నాడు. "తలలో ఎప్పుడూ లేదు."

తల అడ్డంగా ఆడించాడు. వంతు పక్కకి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చేదారిలో బండి ఓర్ఫాయే నడిపింది.

"క్లెల్‌కి చూపించకపోతే పోయె, ఇంకెవరికీ వినిపించలేదా దాన్ని?" అంది వంతెన దాటాక.

"ఎవరికీ లేదు. వసారాలో కూర్చునే కట్టాను కదా" అన్నాడు ఆర్విల్ కిటికీలోంచి చూస్తూ. "ఓ నెల్లాళ్ళు రోజూ అదే వాయించాను. నువ్వు లోపల ఉన్నావు. విన్నదానివి నువ్వొక్కదానివే."

ఓర్ఫా బండి పక్కకి తీసి ఆపింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఆ నెల సాయంత్రాలన్నీ ఒక్కొక్కటిగా వెతికింది. వసారా గుర్తొచ్చింది, అతని వీపు గుర్తొచ్చింది, మసిగుడ్డ రంగుతో సహా గుర్తొచ్చింది. వినడానికి మాత్రం గిన్నెల చప్పుడు తప్ప ఏమీ దొరకలేదు.