గాలికొండ మీద నూట ఎనభై ఆరో అడుగు

ఆ ఏడాది నేను పోగొట్టుకున్నవి ఇవి. నా భార్య ఎస్తేరు. రాత్రి నిద్రలో మూడు గంటలు. ఆరాధనలో పాడే గొంతు, ఎందుకంటే ఆమె ఎత్తుకుంటేనే నాకు రాగం అందేది. ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే బస్సు మెట్టు దగ్గర జారిపోయిన కుడికాలి చెప్పు. ఒంట్లో తొమ్మిది కిలోలు, ఇది కాటా మీద నిలబడి చూసుకున్నదే. వీటన్నిటితో పాటు ఒక కొండ దారిలో మూడువందల పన్నెండు అడుగులు. ఆ అడుగుల గురించే ఇప్పుడు రాస్తున్నాను.

దెయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. చోడవరం దగ్గర చెరకు కాటాలో గుమస్తాను. ఐదో తరగతితో బడి మానేశాను. లెక్కలు ఎవరూ నేర్పలేదు, చెరకు బళ్లు చూసి నేర్చుకున్నాను. బండి మలుపు తిరగగానే బరువు మనసులో అనుకుని, తర్వాత కాటాతో సరిచూసుకుంటాను. కళ్లతో చూసినదాన్ని కూడా రెండోసారి లెక్కపెట్టాకే ఒప్పుకుంటాను. ఇది చదివేవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మాకు పిల్లలు లేరు. ఏటా నవంబరులో, గానుగ మొదలయ్యే ముందు, ఇద్దరం ఏదో ఒక కొండకు వెళ్లేవాళ్లం. విశాఖలో రాస్ హిల్ ఎక్కాం, డాల్ఫిన్స్ నోస్ ఎక్కాం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఎక్కాం. 1966లో అరకు ఘాటు మీదున్న గాలికొండ ఎక్కాక ఎస్తేరు ఇంకో కొండ పేరెత్తలేదు. చోడవరంలో తొలి బస్సు ఎక్కి శృంగవరపుకోట చేరి, అక్కడి నుంచి ఘాటు బస్సులో వెళ్లి, రోడ్డు పక్కన దిగి కాలిబాట పట్టేవాళ్లం.

కొండను ఏడు భాగాలు చేసింది ఆమే. దేవుడు సృష్టి చేసిన ఏడు రోజులకు ఏడు. మొదటి మజిలీలో వెలుగు గురించి చదివేది. రెండో మజిలీలో కింద మంచు, పైన మబ్బు, మధ్యలో మేము. "పై నీళ్లు, కింది నీళ్లు. సూడండి, ఇప్పుడే యిడదీసినట్టు లేదూ!" అనేది. మూడోది గడ్డీ చెట్లూ. నాలుగో చోటికి చేరేసరికి ఎండ మొహాన కొట్టేది. ఐదోది పిట్టల రోజు. ఆరోది మనిషిని చేసిన రోజు. అక్కడ ఇద్దరు సరిగ్గా పట్టే బల్లపరుపు రాయి ఒకటుంది. ఏడోది కొన.

నా పని అడుగులు లెక్కపెట్టడం. నేను ముందు, ఆమె వెనక. నూరు అవగానే "వంద" అనేవాణ్ణి. ఆమె కొంగులో మూట కట్టిన చింతపిక్కల్లోంచి ఒకటి తీసి నా జేబులో వేసేది. మజిలీ చేరాక పిక్కలు లెక్కపెట్టి, మిగిలిన అడుగులు కలిపి పుస్తకంలో రాసేవాణ్ణి. ఒకటే నియమం. నడుస్తుండగా పలకరించకూడదు, అంకె జారిపోతుంది. ఏమన్నా ఉంటే మజిలీలోనే.

"ఏటండీ, దేవుడు కూడా కొండల్ని అడుగులెట్టి కొలిసేడేటి?" అని నవ్వేది. ఏడో భాగం వచ్చేసరికి మాత్రం ఏటా బతిమాలేది. "ఇదొక్కటీ లెక్కెట్టకండి. ఆయనే పని మానేసిన రోజు కదా. ఊరికే నడుద్దాం."

నేను లెక్కపెట్టేవాణ్ణి. అది మూడువందల పన్నెండు. ఏటా అంతే.

1970లో ఆమెకు ఆయాసం ఎక్కువగా ఉంది. వద్దన్నా వచ్చింది. ఆరో మజిలీలో రాయి మీద కూర్చుండిపోయింది. నేనూ కూర్చుని, ఆమెకు ఊపిరి కుదిరాక వెనక్కి తీసుకురావలసింది. అలా చెయ్యలేదు. ఆ ఏటి పేజీలో ఏడో గడి ఖాళీగా ఉంటుందని, "ఇక్కడే ఉండు, ఇట్టే వచ్చేస్తాను" అని బయలుదేరాను.

వెనక నుంచి ఒకసారి పిలిచింది. "ఏమండీ" అని, అంతే. నేను అప్పుడు నూట ఎనభై ఆరులో ఉన్నాను. తిరిగి చూడలేదు. చెయ్యి మాత్రం పైకెత్తి ఊపి, నూట ఎనభై ఏడు వేశాను.

దిగి వచ్చాక ఎందుకు పిలిచావని అడిగాను. "ఏటీ లేదు. నానూ వద్దామని" అంది. ఇంటికి వచ్చే దారిలో బస్సులో మరోసారి అంది, "నాకు ఏడోది మిగిలిపోయింది." వచ్చే ఏడు ఎక్కుదువుగానిలే అన్నాను. ఫిబ్రవరిలో పోయింది.

మరుసటి నవంబరులో ఒక్కణ్ణే వెళ్లాను. చింతపిక్కలు ఎడమ జేబులో వేసుకున్నాను. వంద అనుకున్నప్పుడల్లా ఒకటి తీసి కుడి జేబులో వేసుకుంటూ ఎక్కాను. మజిలీల్లో ఆగాను గానీ ఏమీ చదవలేదు. వెలుగును చేసినవాడు ఎస్తేరుకు ఒక్క ఏడాది ఎందుకు ఇవ్వలేకపోయాడన్నది తప్ప నా దగ్గర వేరే ఆలోచన లేదు. ఆరో మజిలీలో రాయికి ఒక చివర కూర్చున్నాను. రెండో సగం ఖాళీగా ఉంది. ఎంత చిన్న రాయో ఆ రోజే తెలిసింది.

అప్పటికి ఉదయం పది దాటింది. పొగమంచు దిగింది. గాలికొండ మీద గాలి లేని రోజు నేను చూసింది అదొక్కటే. కుడి జేబు ఖాళీ చేసుకుని నడక మొదలుపెట్టాను. పాదాలు కనబడటం లేదు. ఆ దారంతా గులకరాయి, నావి టైరు చెప్పులు. చప్పుడును బట్టి లెక్కపెట్టాను. వందకు ఒక పిక్క మారింది.

నూట ఎనభై ఆరు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి నిలబడ్డాను. మంచు తప్ప ఏమీ లేదు. ఏడాది కిందట పలకని మాట పలికాను. "ఆఁ, రా" అన్నాను. కాసేపు నిలబడి, సిగ్గేసి, నూట ఎనభై ఏడు వేశాను.

రెండువందలు. మూడువందలు. మూడువందల పన్నెండుకి కొన మీది రాళ్లగుట్ట తగలాలి. తగల్లేదు. మూడువందల ముప్పై. నలభై. ఆ భాగం సన్నటి గట్టు, ఇద్దరు మనుషులు పక్కపక్కన పట్టరు, అటూ ఇటూ లోయ. ఆగితే మంచిదే, కానీ ఆగాలనిపించలేదు. చెప్పుల చప్పుడు ఒక తీరుగా, కాస్త తొందరగా వినబడుతోంది. నాకు మాత్రం ఆయాసం లేదు. నాలుగువందలు, నాలుగో పిక్క మార్చాను. నాలుగువందల ముప్పై ఎనిమిదికి కాలికి రాళ్లగుట్ట తగిలింది.

కొన మీద కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, నా జీవితంలో లెక్కపెట్టని సేపు అదొక్కటే. దుఃఖం రాలేదు. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడాల్సిన పని ఉండదే, అలా ఉంది. మంచు విడిపోయి కింద అడవీ, రైలు గీతా, దూరంగా పొలాలూ కనబడ్డాక లేచాను.

దిగేటప్పుడు పాదాలు కనబడుతూనే ఉన్నాయి. లెక్కపెట్టాను. ఆరో మజిలీ రాయికి మూడువందల పన్నెండు.

అదే దారి. ఎక్కితే నాలుగువందల ముప్పై ఎనిమిది, దిగితే మూడువందల పన్నెండు. తేడా నూట ఇరవై ఆరు. నూట ఎనభై ఆరో అడుగు నుంచి కొన దాకా ఉన్నవి సరిగ్గా నూట ఇరవై ఆరు. అంటే అక్కడి నుంచి ప్రతి అడుగుకూ రెండు చప్పుళ్లు లెక్కపెట్టాను. నాకు అలా తెలిసింది రాయి మీద పుస్తకం పెట్టుకుని తీసివేత చేశాకే. నడుస్తున్నప్పుడు రెండో చప్పుడు ఉందన్న అనుమానమే రాలేదు.

కాటాలో నాతో పనిచేసే అప్పలనాయుడికి చూపించాను. "ఏటి గురూ, నువ్వు లెక్క తప్పేవా? ఈ మాట బండోళ్లకి సెప్పకు. రేపట్నించి ప్రతి బండీ రెండేసిసార్లు తూయమంటారు" అన్నాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "మంచులో అక్కడక్కడే తిరిగీసుంటావులే" అన్నాడు. ఆ గట్టు మీద తిరగడానికి చోటు లేదు. తిరిగినవాడు తిరిగి రాడు.

మా సంఘం పాస్టరు అయ్యగారు నిదానంగా విన్నారు. "పోయినవారు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారు బాబూ, కొండలు ఎక్కరు" అన్నారు. నేనూ అదే నమ్ముతాను. విశ్రాంతి అన్న మాట దగ్గర మాత్రం నాకు ఏడో మజిలీ గుర్తొచ్చి తల దించుకున్నాను.

ప్రతిధ్వని కావచ్చని మరుసటి ఏడు అక్కడ చప్పట్లు కొట్టి చూశాను, కేక వేసి చూశాను. ఏమీ తిరిగి రాలేదు. ఇప్పటికి మరో ఆరుసార్లు ఎక్కాను. రెండుసార్లు అలాంటి మంచే. ఆ చెప్పులే వేసుకున్నాను. ఆరో మజిలీ నుంచే "రా" అని పిలుస్తూ నడిచాను. ఆరుసార్లూ మూడువందల పన్నెండే. నా అడుగుల చప్పుడు నాకు ఒంటిగా వినబడింది.

ఆ నాలుగు చింతపిక్కలూ నా దగ్గరే ఉన్నాయి. మూడువందల పన్నెండు అడుగులకు మూడే ఉండాలి. ఆ నాలుగో వంద ఎలా నిండిందో ఈ రోజుకీ చెప్పలేను, చెప్పగలిగినవారు ఎవరూ తారసపడలేదు.

పుస్తకంలో ఆ పేజీ కొట్టివెయ్యలేదు. ఎస్తేరుకు నేను పడ్డ బాకీ, ఏడో మజిలీ, మూడువందల పన్నెండు అడుగులు. ఆ రోజు జమ అయినవి నూట ఇరవై ఆరు. ఇంకా ఉన్నవి నూట ఎనభై ఆరు.